బొమ్మ ఎంతదూరం వస్తుంది?

1990 ప్రాంతంలో మన ఊళ్ళలో టెలివిజన్ ఉన్న ప్రతి ఇంటి కప్పు మీదా ఒక అల్యూమినియం యాంటెన్నా కనబడేది. చేపముల్లు ఆకారంలో ఉండే ఆ కడ్డీల గుంపు గాలివానకు కొంచెం పక్కకు తిరిగినా లోపల బొమ్మ చెదిరిపోయేది. అప్పుడు ఒకరు మేడ ఎక్కి దానిని తిప్పుతూ ఉంటే, మరొకరు కిటికీలోనుంచి "వచ్చింది, వచ్చింది... అయ్యో పోయింది, మళ్ళీ తిప్పు" అని కేకలు వేసేవారు. రాష్ట్రాల సరిహద్దుల్లో ఉన్న తెలుగువారికి ఇంకొక అవస్థ కూడా ఉండేది. తామున్న రాష్ట్రపు కేంద్రం ఒక దిక్కున, తెలుగు కార్యక్రమాలు ప్రసారమయ్యే కేంద్రం మరొక దిక్కున ఉండేవి. ఏ దిక్కుకు తిప్పితే ఎవరి ముఖం చిన్నబోతుందో అని ఇంటిపెద్ద ఆలోచించవలసి వచ్చేది.

ఆనాటి వారిలో చాలామందికి అర్థం కాని విషయం ఒకటుంది. ఒకే దిక్కున, దాదాపు ఒకేచోట ఉన్న రెండు ప్రసార కేంద్రాలలో ఒకదాని బొమ్మ అద్దంలా కనబడుతుంది. రెండవది అసలే రాదు. కేంద్రాలు ఒకేచోట ఉన్నాయి, చూసే ఇల్లు మారలేదు, పెట్టె మారలేదు. మరి తేడా ఎక్కడ ఉంది? "ఆ కేంద్రానికి పవరు తక్కువ" అనేది అందరూ చెప్పే జవాబు. అది పూర్తిగా తప్పు కాదు, కాని అందులో ఉన్నది సగం నిజమే. తక్కిన సగాన్ని తెలుసుకోవడానికి అమెరికాలో 2009లో జరిగిన ఒక సంఘటన చక్కగా ఉపయోగపడుతుంది.

మన దేశంలో ఇప్పుడు ఎక్కువ ఇళ్ళకు టెలివిజన్ కేబుల్ ద్వారానో, ఉపగ్రహపు డిష్ ద్వారానో అందుతున్నది. నేల మీది టవర్ల నుంచి డిజిటల్ ప్రసారాలను దూరదర్శన్ 2016 ఫిబ్రవరి 25న చెన్నై, బెంగళూరు, ముంబై, కటక్ మొదలైన 16 నగరాల్లో ప్రారంభించింది. పాత అనలాగ్ ప్రసారిణులను 2022 నాటికి, కొద్దిపాటివి తప్ప, మూసివేసింది. అమెరికాలో మాత్రం టవర్ల నుంచి ఉచితంగా వచ్చే ప్రసారాలను యాంటెన్నాతో చూసే కుటుంబాలు ఇప్పటికీ లక్షల్లో ఉన్నాయి. ఒకే నగరంలో పది పన్నెండు కేంద్రాలు పోటీపడుతూ ఉంటాయి. అందుచేత కేంద్రానికీ కేంద్రానికీ గల తేడాలు అక్కడ స్పష్టంగా కనబడతాయి.

2009 జూన్ 12వ తేదీ నాటికి అమెరికాలోని పెద్ద టెలివిజన్ కేంద్రాలన్నీ పాత అనలాగ్ ప్రసారాలను ఆపి పూర్తిగా డిజిటల్ పద్ధతికి మారాయి. ముందుగా అనుకున్న తేదీ ఫిబ్రవరి 17. ప్రజలు సిద్ధంగా లేరని చట్టసభ దానిని నాలుగు నెలలు వెనక్కు జరిపింది. పాత పెట్టెలున్నవారు మార్పిడి పెట్టె కొనుక్కోవడానికి ప్రభుత్వం 40 డాలర్ల విలువ గల కూపన్లు పంచింది. ఇంత ఏర్పాటు జరిగినా జూన్ 12 తరువాత ఫిలడెల్ఫియా నగరంలో చాలా ఇళ్ళలో "6" అనే కేంద్రం మాయమైంది. అది ఆ నగరంలో ఎంతో ఆదరణ ఉన్న డబ్ల్యు.పి.వి.ఐ. కేంద్రం. షికాగోలో "7", "2" అనే కేంద్రాల విషయంలో కూడా ఇటువంటి ఫిర్యాదులే వచ్చాయి. విచిత్రం ఏమిటంటే, అంతకు ముందురోజు వరకు ఫిలడెల్ఫియాలో ఆ కేంద్రపు డిజిటల్ బొమ్మను చక్కగా చూస్తున్నవారికి కూడా అది పోయింది!

ఈ చిక్కు విడిపోవాలంటే మొదట ఛానెల్ అంకె అంటే ఏమిటో తెలియాలి.

టెలివిజన్ బొమ్మను మోసుకువచ్చేవి విద్యుదయస్కాంత తరంగాలు. ఒక్కొక్క ఛానెల్‌కు తరంగాలలో కొంత జాగా కేటాయిస్తారు. అమెరికాలో 2 నుంచి 6 వరకు ఉన్న ఛానెళ్ళు 54 నుంచి 88 మెగాహెర్ట్జ్‌ల మధ్య, 7 నుంచి 13 వరకు ఉన్నవి 174 నుంచి 216 మెగాహెర్ట్జ్‌ల మధ్య ఉంటాయి. ఈ రెండు గుంపులనూ వి.హెచ్.ఎఫ్. అంటారు. 14వ ఛానెల్ నుంచి పైవన్నీ 470 మెగాహెర్ట్జ్‌లకు పైన ఉంటాయి. వాటిని యు.హెచ్.ఎఫ్. అంటారు. పౌనఃపున్యం పెరిగిన కొద్దీ తరంగం పొడవు తగ్గుతుంది. 6వ ఛానెల్‌లో ఒక తరంగం పొడవు సుమారు మూడున్నర మీటర్లు. 500 మెగాహెర్ట్జ్‌ల దగ్గర అది కేవలం 60 సెంటీమీటర్లు. తరంగాన్ని పట్టే కడ్డీ దాని పొడవులో సగం ఉంటే బాగా పనిచేస్తుంది. అంటే 6వ ఛానెల్‌కు మనిషి నిలువంత కడ్డీ కావాలి. యు.హెచ్.ఎఫ్. ఛానెల్‌కు బడిపిల్లల సంచిలోని అడుగు బద్దంత కడ్డీ చాలు.

డిజిటల్ కాలంలో ఇంకొక మెలిక వచ్చింది. తెరమీద కనిపించే అంకె కేంద్రానికి ముద్దుపేరు వంటిది. అసలు ప్రసారం వేరొక ఛానెల్‌లో జరగవచ్చు. జూన్ 12కు ముందు ఫిలడెల్ఫియా "6" కేంద్రం తన డిజిటల్ ప్రసారాన్ని 64వ ఛానెల్‌లో, అంటే యు.హెచ్.ఎఫ్.లో, నడిపింది. అనలాగ్ ఆగిపోగానే తన పాత చోటైన 6వ ఛానెల్‌కు తిరిగి వెళ్ళింది. షికాగో "7" కేంద్రం 52 నుంచి 7కు వచ్చింది. అక్కడి "2" కేంద్రం 12వ ఛానెల్‌లో స్థిరపడింది. తెరమీది పేరు మారలేదు కాబట్టి చూసేవారికి ఇదంతా తెలియదు. వారు కొన్న కొత్త యాంటెన్నాలలో అనేకం యు.హెచ్.ఎఫ్. కోసం చేసిన పొట్టి యాంటెన్నాలు. పేరు అదే, పెట్టె అదే, కాని లోపలికి వచ్చే తరంగం ఒక్క రాత్రిలో ఎన్నో రెట్లు పొడవైంది.

ఇక శక్తి సంగతి. ఏ కేంద్రం ఎంత శక్తితో ప్రసారం చేయవచ్చునో అమెరికాలో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ నిర్ణయిస్తుంది. యు.హెచ్.ఎఫ్. డిజిటల్ కేంద్రానికి గరిష్ఠంగా 1,000 కిలోవాట్లు. 7 నుంచి 13 వరకు ఛానెళ్ళకు జనసాంద్రత ఎక్కువగా ఉన్న ఈశాన్య ప్రాంతంలోను, దానికి ఆనుకొని ఉన్న కొన్ని రాష్ట్రాలలోను 30 కిలోవాట్లు, మిగిలిన దేశంలో 160. 2 నుంచి 6 వరకు ఛానెళ్ళకు ఆ రద్దీ ప్రాంతంలో 10 కిలోవాట్లు, మిగిలినచోట 45. ఫిలడెల్ఫియా రద్దీ ప్రాంతంలోనిది. పక్క కేంద్రానికి వెయ్యి కిలోవాట్లు ఇచ్చి దీనికి పదే ఇవ్వడం ఏమి న్యాయం అని ఎవరికైనా అనిపిస్తుంది.

కాని ఈ అంకెలు వేసినవారు లెక్క తెలియక వేసినవారు కారు. పొడవైన తరంగాన్ని పట్టే కడ్డీ కూడా పొడవుగానే ఉంటుంది. అందువలన అది గాలిలోనుంచి ఎక్కువ శక్తిని దోసిలి పడుతుంది. పొడవైన తరంగాలు కొండల అంచుల మీదుగా, నేల వంపు మీదుగా కొంత వంగి కూడా ప్రయాణిస్తాయి. చిన్న తరంగాలు అలా వంగలేవు. చెట్ల ఆకులకు సైతం అవి నీరసించిపోతాయి. కాబట్టి ఒకే దూరం చేరడానికి యు.హెచ్.ఎఫ్. కేంద్రానికి ఎక్కువ శక్తి కావాలి, కింది ఛానెల్‌కు తక్కువ చాలు. కాగితం మీద ఆ పది, ఈ వెయ్యి ఇంచుమించు సాటి అన్నమాట.

ఆ కాగితం ఒక ఇంటిని ఊహించుకొన్నది. ఆ ఇంటి కప్పు మీద, నేలనుంచి 30 అడుగుల ఎత్తున, కేంద్రం వైపుకు తిప్పిన మంచి యాంటెన్నా ఉంటుందని లెక్క కట్టారు. నిజంగా ఉన్న ఇళ్ళు వేరు. అపార్ట్‌మెంటు రెండవ అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలామెకు కప్పు మీద హక్కు లేదు. ఆమె యాంటెన్నా టెలివిజన్ మీద కుందేలు చెవుల్లా నిలబడిన రెండు కడ్డీలు. వాటిని పూర్తిగా లాగి పెట్టే అలవాటు కూడా చాలామందికి ఉండదు. పైగా మిక్సీ, ఫ్యాను రెగ్యులేటరు, కంప్యూటరు వంటి విద్యుత్ పరికరాలు పుట్టించే రొద కింది ఛానెళ్ళలోనే ఎక్కువగా ఉంటుంది. ఇంటి గోడలు దాటి లోపలికి వచ్చేసరికి సగం చచ్చిన తరంగం ఆ రొదలో కలిసిపోతుంది.

పటాల మీద గీసే ప్రసార పరిధి గురించి కూడా ఇక్కడే ఒక మాట చెప్పుకోవాలి. అమెరికాలో డిజిటల్ కేంద్రపు పరిధిని గీసేటప్పుడు, ఆ గీత దగ్గర సగం చోట్ల, నూటికి తొంభై వంతుల సమయం తగినంత సంకేతం ఉంటే చాలునని తీసుకొంటారు. అంటే ఆ గీత మీద ఉన్న రెండిళ్ళలో ఒక ఇంటికి రాకపోయినా పటం తప్పు కాదు! పటం చూసి "మా ఊరు వలయంలో ఉంది కదా, ఎందుకు రాదు?" అని అడిగేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

కిలోవాట్లు అనే మాటలోనూ ఒక మోసం దాగి ఉంది. వెయ్యి కిలోవాట్ల కేంద్రంలో వెయ్యి కిలోవాట్ల యంత్రం ఉండదు. అంత యంత్రం నడపాలంటే ఏ కేంద్రమూ బతికి బట్టకట్టదు. చిన్న టార్చిలైటును గుర్తు తెచ్చుకోండి. దానిలోని బల్బును విడిగా వెలిగిస్తే గదంతా మసకగా ఉంటుంది. అదే బల్బు వెనుక నున్నని అద్దపు గిన్నె పెడితే వెలుగంతా ఒక వైపుకు చేరి దూరాన ఉన్న చెట్టు కూడా కనబడుతుంది. బల్బు శక్తి పెరగలేదు, చెదిరిపోయే వెలుగు ఒకచోటికి వచ్చింది. టవరు మీది యాంటెన్నా చేసే పని కూడా ఇదే. ఆకాశంలోకి, పాతాళంలోకి వృథాగా పోయే శక్తిని మడిచి, చుట్టూ ఉన్న ఊళ్ళ వైపు పలుచని పళ్ళెంలా పరుస్తుంది. ప్రసారిణి 40 కిలోవాట్లు ఇచ్చి, యాంటెన్నా దానిని ఆ దిశలో 25 రెట్లు చేస్తే, ఊళ్ళకు అది 1,000 కిలోవాట్ల కేంద్రంలా కనబడుతుంది. ఈ లబ్ధాన్నే ప్రభావిక వికిరణ శక్తి అంటారు. అందుచేత ఒక కేంద్రపు అంకె యంత్రం శక్తిని, మరొక దాని అంకె ఈ లబ్ధాన్ని చెబుతున్నప్పుడు ఆ రెండింటినీ పోల్చడం సేరుకూ సోలకూ ముడిపెట్టినట్లవుతుంది. పాత అనలాగ్ అంకెలను కొత్త డిజిటల్ అంకెలతో పోల్చడం కూడా అంతే. అనలాగ్‌లో శిఖర శక్తిని, డిజిటల్‌లో సగటు శక్తిని చెబుతారు.

పలుచని పళ్ళెంలా పరవడం వల్ల ఒక ఇబ్బంది కూడా ఉంది. బాగా ఎత్తున ఉన్న యాంటెన్నా నుంచి శక్తి నేరుగా దూరానికి పోతే టవరు పాదంలో ఉన్న ఊరి నెత్తిమీదుగా దాటిపోతుంది. దీపం కిందనే చీకటి అని మనవాళ్ళు ఊరికే అన్నారా? అందుకే ఇంజనీర్లు ఆ పళ్ళేన్ని ఒక డిగ్రీకి అటూ ఇటూగా కిందికి వంచుతారు.

ఇప్పుడు ఎత్తు దగ్గరకు వద్దాం. నా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. అయినా పత్రికలు మాత్రం కిలోవాట్లనే పెద్ద అక్షరాలతో వేస్తాయి. టెలివిజన్ తరంగాలు చాలావరకు తిన్నగా పోతాయి. భూమి గుండ్రంగా ఉంది. కాబట్టి కొంతదూరం పోయాక నేల కిందికి జారిపోతుంది, తరంగం పైన సాగిపోతుంది. వాతావరణం తరంగాన్ని కొంచెం నేల వైపు వంచడం వలన కంటికి కనిపించే దిగంతం కంటే ఇది కొద్దిగా ఎక్కువ దూరం పోతుంది. ఆ దూరాన్ని తెలుసుకోవడానికి తేలిక లెక్క ఉంది. యాంటెన్నా ఎత్తు ఎన్ని మీటర్లో దాని వర్గమూలం కట్టి 4.12తో హెచ్చించండి. కిలోమీటర్లు వస్తాయి. ఎత్తు 100 మీటర్లయితే వర్గమూలం 10, దూరం సుమారు 41 కిలోమీటర్లు. 400 మీటర్లయితే 82. దూరం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి. చూసే ఇంటి యాంటెన్నాకూ ఇదే లెక్క. కప్పు మీద 9 మీటర్ల ఎత్తున ఉంటే దాని వాటాగా 12 కిలోమీటర్లు కలుస్తాయి. గదిలో ఒకటిన్నర మీటరు ఎత్తున ఉంటే 5 కిలోమీటర్లే.

దిగంతం దాటాక సంకేతం ఎంత త్వరగా పడిపోతుందంటే, ప్రసారిణి శక్తిని రెట్టింపు చేసినా పరిధి కొద్ది కిలోమీటర్లకు మించి పెరగదు. కరెంటు బిల్లు మాత్రం రెట్టింపవుతుంది. ఎత్తు అలా కాదు. ఒకసారి కడితే అది ప్రతిరోజూ పనిచేస్తుంది. అందుకే అమెరికాలో ఉత్తర డకోటా రాష్ట్రంలోని బ్లాంచర్డ్ అనే చిన్న ఊరి దగ్గర చదునైన పొలాల మధ్య 1963లోనే 628 మీటర్ల టెలివిజన్ స్తంభం నిలబెట్టారు. చుట్టూ కొండ లేదు, గుట్ట లేదు, కాబట్టి ఇనుముతోనే కొండను కట్టుకొన్నారన్నమాట. 2019లో పైకొసన ఉన్న పాత యాంటెన్నాను తీసివేయడంతో అది కొంచెం పొట్టిదైంది. లాస్ ఏంజెలెస్‌కు ఆ ఖర్చు లేదు. నగరం వెనుకనే సముద్రమట్టానికి 1,700 మీటర్లకు పైగా ఎత్తున్న మౌంట్ విల్సన్ ఉంది. దాని మీద మామూలు టవర్లు చాలు. తమిళనాడులో చదువుకొంటున్న మీకు కొడైకెనాల్ గుర్తుకు రావాలి. ఆ కొండమీది దూరదర్శన్ కేంద్రం దక్షిణ జిల్లాలలో చాలా భాగానికి బొమ్మను అందించింది. రామేశ్వరంలో కొండ లేదు గనుక అక్కడ 323 మీటర్ల టవరు కట్టవలసి వచ్చింది.

కొండమీది టవరు ఎత్తు ఎంత అని ఎలా చెప్పాలి? టవరు పాదం నుంచి కొలిస్తే కొండకు విలువ ఉండదు. సముద్రమట్టం నుంచి కొలిస్తే పీఠభూమి మీది పొట్టి టవరు కూడా గొప్పదైపోతుంది. అందుకని ఇంజనీర్లు ఒక మధ్యేమార్గం ఎంచుకొన్నారు. టవరు నుంచి ఎనిమిది దిక్కులకూ గీతలు గీసి, 3 నుంచి 16 కిలోమీటర్ల దూరం వరకు ఉన్న నేల సగటు ఎత్తు కడతారు. యాంటెన్నా ఆ సగటు కంటే ఎంత పైన ఉందో అదే అసలు ఎత్తు. మౌంట్ విల్సన్ వెనుక ఇంకా కొండలున్నాయి కాబట్టి అవి సగటును పెంచి దాని గొప్పను కొంత తగ్గిస్తాయి. లోయలో కట్టిన టవరుకు ఈ ఎత్తు సున్న కంటే తక్కువ కూడా రావచ్చు.

ఎత్తు ఇంత బలమైనది కనుకనే దానికి పగ్గం వేశారు. ఇందాక చెప్పిన వెయ్యి కిలోవాట్లు 365 మీటర్ల ఎత్తు వరకే. యు.హెచ్.ఎఫ్. కేంద్రం 460 మీటర్లకు పోతే 630 కిలోవాట్లతో సరిపెట్టుకోవాలి. 610 మీటర్లకు పోతే 316 మాత్రమే. అంటే శక్తి మూడోవంతుకు పడిపోతుంది. రెండు వందల కిలోమీటర్ల అవతల అదే ఛానెల్‌లో మరొక కేంద్రం ఉంటుంది. ఈ కేంద్రపు తరంగాలు దాని పొలంలో మేయకూడదు. అందువలన 316 కిలోవాట్ల కేంద్రాన్ని చూసి చిన్నదనీ, 1,000 కిలోవాట్ల కేంద్రాన్ని చూసి పెద్దదనీ అనుకోవడం పొరపాటు. ఆ రెండూ ఒకే మేర భూమిని ఏలుతూ ఉండవచ్చు.

ఎత్తు పోతే ఏమవుతుందో న్యూయార్క్ నగరం 2001 సెప్టెంబరు 11న చూసింది. ప్రపంచ వాణిజ్య కేంద్రపు ఉత్తర భవనం 417 మీటర్లు, దానిపై ఉన్న స్తంభంతో కలిపి 527 మీటర్లు. నగరంలోని టెలివిజన్ కేంద్రాలలో ఎక్కువ భాగం ఆ స్తంభం మీదనుంచే ప్రసారం చేసేవి. ఉగ్రవాదుల దాడిలో ఆ భవనం కూలినప్పుడు పైఅంతస్తులలో ప్రసార యంత్రాల దగ్గర పనిలో ఉన్న ఆరుగురు ఇంజనీర్లు మరణించారు. కేబుల్ లేని ఇళ్ళలో తెరలు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. జరుగుతున్న ఘోరమేమిటో తెలుసుకోవలసిన ఆ గంటలలోనే బొమ్మ పోయింది. ఎంపైర్ స్టేట్ భవనం మీద అదనపు ప్రసారిణి ఉంచుకొన్న డబ్ల్యు.సి.బి.ఎస్. కేంద్రం మాత్రం నిలిచింది. మిగిలినవాటిలో కొన్ని హడ్సన్ నదికి ఆవల ఆల్పైన్ అనే ఊరిలోని పాత టవరును ఆశ్రయించాయి. ఎఫ్.ఎం. రేడియోను కనిపెట్టిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1930ల చివర కట్టించిన టవరు అది. యంత్రాలు తెచ్చుకోవడం రోజుల్లో అయింది. కాని ఆ ఎత్తు ఎక్కడినుంచి తెస్తారు? నగరంలోని అనేక ఇళ్ళకు బొమ్మ సరిగా తిరిగి రావడానికి, కేంద్రాలు ఎంపైర్ స్టేట్ భవనం మీదికి చేరేవరకు ఆగవలసి వచ్చింది.

ఎత్తు ముందు శక్తి ఎంత చిన్నదో చెప్పే ఉదాహరణ మన తెలుగునేల మీద కూడా ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి ఒక సంవత్సరం పాటు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సాలతో సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా విద్యా కార్యక్రమాలు అందాయి. తెలుగులో కూడా కార్యక్రమాలు వచ్చాయి. పంచాయతీ కార్యాలయం ముందో, బడి ముందో పెట్టిన టెలివిజన్‌ను ఊరంతా కూర్చుని చూసేవారు. 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఎ.టి.ఎస్.-6 అనే ఆ ఉపగ్రహం వాడిన ప్రసారిణి శక్తి 80 వాట్లు. అంటే పాతకాలపు ఒక గుండ్రని బల్బు శక్తి! ఉపగ్రహంలో 9 మీటర్ల గొడుగు యాంటెన్నా, గ్రామంలో 3 మీటర్ల వెడల్పున్న ఇనుప వల యాంటెన్నా ఆ కొద్ది శక్తిని వృథా కాకుండా కాపాడాయి. మధ్యలో కొండ గాని, భూమి వంపు గాని అడ్డు రాలేదు.

మరి డిజిటల్ పద్ధతిలో కొత్తగా వచ్చిన కష్టం ఏమిటి? అనలాగ్ కాలంలో సంకేతం బలహీనమైతే బొమ్మ మీద మంచు కురిసినట్లు చుక్కలు వచ్చేవి. ఇంకా తగ్గితే నీడలు మిగిలేవి. ఆ నీడలలోనే మన పెద్దలు క్రికెట్ ఆట చూశారు. బంతి కనబడకపోయినా వ్యాఖ్యానం వినబడేది. డిజిటల్ పద్ధతిలో బొమ్మ అంకెలుగా మారి వస్తుంది. అమెరికా పద్ధతిలో నేపథ్య రొద కంటే సంకేతం సుమారు 30 రెట్లు బలంగా ఉన్నంతవరకు బొమ్మ స్టూడియోలో ఉన్నట్లే నిర్మలంగా ఉంటుంది. ఆ మేరకు తగ్గిన మరుక్షణం గడులు గడులుగా పగిలి, తరువాత తెర నల్లబడుతుంది. మెట్లు దిగినట్లు ఉండదు, గట్టు మీదనుంచి జారినట్లు ఉంటుంది. అందువలన గట్టు అంచున ఉన్న ఇంటికి ఒక లారీ అడ్డు వచ్చినా, చెట్టు చిగిర్చినా బొమ్మ పోతుంది. అనలాగ్‌లో చుక్కల మధ్య సర్దుకుపోయిన ఇళ్ళకు డిజిటల్‌లో సర్దుకునే అవకాశమే లేదు.

ఫిలడెల్ఫియాలో జూన్ 12 తరువాత జరిగినది ఇదే. రాక్స్‌బరో గుట్ట మీది టవరు అక్కడే ఉంది, ఎత్తు తగ్గలేదు. తరంగం పొడవైంది, శక్తి తగ్గింది, ఇంట్లోని కడ్డీలు పొట్టివి, చుట్టూ రొద, ఆపైన గట్టు. ఈ ఐదూ కలిసిన ఇళ్ళలో తెర నల్లబడింది. కింది ఛానెల్‌లో ఉండడం వల్ల కేంద్రానికి లాభం లేకపోలేదు. పది కిలోవాట్ల ప్రసారానికీ, వెయ్యి కిలోవాట్ల ప్రసారానికీ విద్యుత్ ఖర్చులో తేడా చాలా ఉంటుంది. కేంద్రం దగ్గర ఆదా అయిన కరెంటు ఖర్చు కొంతమంది వీక్షకుల దగ్గర కొత్త యాంటెన్నా ఖర్చుగా తేలింది.

ఆ తరువాత కమిషన్ అనుమతితో డబ్ల్యు.పి.వి.ఐ. తన శక్తిని పెంచుకొన్నది, 6వ ఛానెల్‌లోనే కొనసాగింది. షికాగో "7" కేంద్రం ఇంకొక దారి పట్టింది. ఆ సంవత్సరంలోనే యు.హెచ్.ఎఫ్.లోని 44వ ఛానెల్‌కు మారిపోయింది. తెరమీద మాత్రం "7" అనే కనబడేది. కాని 2017లో ముగిసిన వేలంలో 37కు పైనున్న ఛానెళ్ళ జాగా సెల్‌ఫోన్ సంస్థలకు పోయింది. అందుచేత ఆ కేంద్రం మరొకసారి మూట సర్దుకోవలసి వచ్చింది. అదే వేలంలో కొన్ని కేంద్రాలు డబ్బు తీసుకొని యు.హెచ్.ఎఫ్. జాగాను వదిలి వి.హెచ్.ఎఫ్.కు దిగాయి. వాటి వీక్షకులు కూడా కడ్డీలను పూర్తిగా పొడవుకు లాగి, యాంటెన్నాను కంప్యూటరుకు దూరంగా కిటికీ పక్కకు జరిపి, పెట్టెలో ఛానెళ్ళను మళ్ళీ వెతికించుకోవలసి వచ్చింది. వీలున్నవారు ఇంటి కప్పు ఎక్కారు.